యూనివర్సిటీ లైబ్రరీలో ఒక్క గంటే ఇస్తే ఏమి నేర్పాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. యూనివర్సిటీ లైబ్రరీలో లైబ్రేరియన్‌గా కొత్తగా చేరారు. పీజీ మొదటి సంవత్సరం విద్యార్థులకు ‘సమాచార అక్షరాస్యత’ (కావాల్సిన సమాచారాన్ని వెతికి, బేరీజు వేసి, వాడుకోవడం) మీద ఒక గంట తరగతి తీసుకోమన్నారు. మీరు 40 స్లైడ్లు సిద్ధం చేసుకున్నారు. వాటిలో ఏవి ఉంచాలి, ఏవి తీసేయాలి, అందరూ చాట్‌బాట్‌నే అడుగుతున్న ఈ రోజుల్లో పరిశోధన వ్యాసాలు వెతికే డేటాబేసుల గురించి చెబితే ఎవరైనా వింటారా, చివరగా హాజరు వేయాలా వద్దా అని అడిగారు.

సూటిగా చెబుతాను. 40లో 36 స్లైడ్లు తీసేయండి. ఆ గంటలో లైబ్రరీ గురించి చెప్పకండి. విద్యార్థులు ఆ నెలలో రాయాల్సిన అసైన్‌మెంటును చేతిలో పెట్టుకుని రెండే రెండు పనులు వాళ్ల చేత చేయించండి. ఒకటి, తమ ప్రశ్నను వెతకడానికి వీలైన మాటలుగా విడగొట్టడం. రెండు, చేతికి దొరికిన ఒక్క ఆధారాన్ని దాని మూలం దాకా వెంటాడి చూడడం. అసైన్‌మెంటే లేదంటే తరగతిని వాయిదా వేయించండి. ఇది మొండితనంగా కనిపించవచ్చు కానీ, ఇరవై ఏళ్లకు పైగా ఈ తరగతులు తీసుకుని, వాటిలో మొదటి ఆరేడేళ్లు దాదాపు వృథా చేసుకున్న మనిషిగా చెబుతున్నాను.

నా మొదటి తరగతికి నేను చేసుకున్నవి 60 స్లైడ్లు. లైబ్రరీ పనివేళలతో మొదలుపెట్టి కేటలాగు, వర్గీకరణ సంఖ్యలు, 11 డేటాబేసులు, వాటి లాగిన్ పద్ధతులు, సైటేషన్ (ఆధారం వివరాలు రాసే) శైలులు, గ్రంథచౌర్యం దాకా ఒక్కటీ వదల్లేదు. గంట అయ్యాక ప్రశ్నలేమైనా ఉన్నాయా అంటే చివరి వరసలోంచి ఒకే ఒక్క చెయ్యి లేచింది. “ప్రింటవుట్లు ఎక్కడ తీసుకోవాలండీ?” ఆ అమ్మాయిని తప్పుపట్టడానికి ఏమీ లేదు. ఆ రోజు ఆమెకు నిజంగా కావాల్సిన సమాచారం అదొక్కటే. నేను చెప్పినవన్నీ ఎప్పుడో అవసరపడేవి, అవసరపడే నాటికి గుర్తుండనివి.

మీకు ఇచ్చిన ఈ అంశం పేరు వెనక కథ కొంత తెలిసి ఉంటే మంచిది. ‘సమాచార అక్షరాస్యత’ అన్న పేరును 1974లో మొదట వాడిన పాల్ జుర్కోవ్‌స్కీ లైబ్రేరియన్ కాదు, అమెరికాలో సమాచార పరిశ్రమ సంఘానికి అధ్యక్షుడు. తమ పనిలో సమాచార వనరులను వాడుకోవడం నేర్చినవాళ్లు అన్న అర్థంలో ఆయన వాడారు. 1989లో అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ కమిటీ ఒకటి దాన్ని విస్తరించి, సమాచారం ఎప్పుడు అవసరమో గుర్తించడం, దాన్ని వెతికి పట్టుకోవడం, బేరీజు వేయడం, సరిగ్గా వాడుకోవడం అని చెప్పింది. 2000లో అదే అసోసియేషన్‌లోని కాలేజీ, పరిశోధన లైబ్రరీల విభాగం ఏసీఆర్ఎల్ 5 ప్రమాణాలు, వాటి కింద 22 సూచికలు ప్రకటించింది. మాలాంటివాళ్లం ఆ 22 సూచికలను జాబితాలా ముందు పెట్టుకుని స్లైడ్లు చేసుకున్నాం. నా 60 స్లైడ్ల పాపంలో దానికీ కొంత వాటా ఉంది.

2016లో ఏసీఆర్ఎల్ ఆ ప్రమాణాలను పక్కన పెట్టి ఆరు భావనల చట్రాన్ని తెచ్చింది. ఒకరి మాటకు అధికారం ఎక్కడినుంచి వస్తుంది, అది సందర్భాన్ని బట్టి ఎలా మారుతుంది; పరిశోధన అంటే ఏళ్ల తరబడి సాగుతున్న సంభాషణ ఎలా అవుతుంది; వెతకడం అంటే దారులు మార్చుకుంటూ పోవడం ఎలా అవుతుంది – ఇలాంటివి. ఆ ఆరింటినీ మీరు చదవండి. విద్యార్థులకు మాత్రం స్లైడు మీద చూపించకండి. వంట నేర్చుకోవడానికి వచ్చినవాళ్లకు పోషక విలువల పట్టిక ఇచ్చినట్టు ఉంటుంది.

మొదట కూర్చోవాల్సింది అధ్యాపకుల దగ్గర. తరగతికి కనీసం రెండు వారాల ముందు వెళ్లి అసైన్‌మెంటు కాగితం అడగండి. కిందటేడాది పిల్లలు రాసినవాటిలో మీకు బాగా విసుగు తెప్పించినదేమిటని అడగండి. ఈ రెండో ప్రశ్నకు వచ్చే జవాబే మీ పాఠం. అమెరికాలో ఎర్ల్‌హామ్ కాలేజీ లైబ్రేరియన్ ఎవన్ ఫార్బర్ 1960ల నుంచీ ఇదే పట్టు పట్టారు: లైబ్రరీ పాఠం విడిగా నిలబడదు, కోర్సులోని పనికి ముడిపడితేనే నిలుస్తుందని.

ఒకసారి నా చేతికి వచ్చిన అసైన్‌మెంటు కాగితంలో ‘కనీసం 10 ఆధారాలు, ఇంటర్నెట్ వాడరాదు’ అని ఉంది. జర్నళ్లన్నీ ఇప్పుడు ఇంటర్నెట్‌లోనే కదండీ వస్తున్నాయి అంటే ఆ అధ్యాపకుడు కాసేపు ఆగి నవ్వేశారు. ఎక్కడ పడితే అక్కడ దొరికిన పేజీలు తేవద్దన్నది ఆయన ఉద్దేశం. పిల్లలేమో ఆ మాటను అక్షరాలా పట్టుకుని, పాత పుస్తకాల చివర ఉన్న జాబితాల్లోంచి పది పేర్లు ఎత్తి రాసేస్తున్నారు. ఇద్దరం కూర్చుని దాన్ని మార్చాం. ఆధారాలు 4 చాలు; కానీ ఒక్కొక్కటి ఎలా దొరికింది, దేన్ని పక్కన పెట్టి దీన్ని తీసుకున్నారు అన్నది రెండు మూడు వాక్యాల్లో రాయాలి. ఆ చిన్న మార్పు నా పది తరగతుల పెట్టు.

ఇక ఆ గంటలో చేయాల్సిన మొదటి పని. ఒక ఉదాహరణ చెబుతాను. ఒక విద్యార్థి డేటాబేసు పెట్టెలో ఇంగ్లీషులో పూర్తి వాక్యం టైపు చేశాడు: రాత్రిపూట ఫోను చూడడం వల్ల కాలేజీ విద్యార్థుల నిద్ర ఎలా దెబ్బతింటోంది? చివర ప్రశ్నార్థకంతో సహా. ఫలితాలు సున్నా. “దీని మీద ఇప్పటిదాకా ఎవరూ పరిశోధన చేయలేదండీ, నాదే మొదటిది” అన్నాడు, ముఖమంతా వెలిగిపోతూ.

కాగితం మీద మూడు నిలువు గడులు గీయమన్నాను. మొదటి గడిలో ఫోను, రెండో గడిలో నిద్ర, మూడో గడిలో విద్యార్థి. ఇప్పుడు ఒక్కో గడిలో అదే విషయాన్ని పరిశోధకులు ఇంకే మాటలతో చెప్పి ఉండవచ్చో రాయమన్నాను. స్మార్ట్‌ఫోన్, మొబైల్ ఫోన్, స్క్రీన్ టైమ్. స్లీప్ క్వాలిటీ, ఇన్సోమ్నియా. మూడో గడి దగ్గర ఆగిపోయాడు. ‘యంగ్ అడల్ట్స్’ అని నేనే అందించాను. ఒకే గడిలోని మాటల మధ్య ‘ఆర్’ (వీటిలో ఏదున్నా సరే), గడికీ గడికీ మధ్య ‘అండ్’ (అన్ని గడుల నుంచీ ఉండాలి). ఈసారి ఫలితాలు కుప్పలుగా వచ్చాయి. మొదటి పరిశోధకుణ్ని కాలేకపోయానన్న దిగులు అతని ముఖంలో స్పష్టంగా కనిపించింది. ఆ దిగులే పాఠం. ఇంతమంది ఇప్పటికే మాట్లాడుకుంటున్న చోట నేను కొత్తగా అడగగలిగినదేమిటి అన్న ఆలోచన అక్కడే మొదలవుతుంది.

ఈ మూడు గడుల కాగితం కోసం గంటలో 20 నిమిషాలు ఇవ్వండి. ఎవరి అంశం వాళ్లే రాయాలి. మీరు తెచ్చిన నమూనా అంశంతో చేయిస్తే అందరికీ వచ్చినట్టే ఉంటుంది, ఎవరికీ రాదు. కంప్యూటర్లు లేకపోతే ఫోన్లు చాలు, ముగ్గురికి ఒకటి ఉన్నా సరిపోతుంది.

దీనికి జోడించాల్సిన చిన్న విషయాలు మూడు. ఒక మంచి వ్యాసం దొరకగానే దాని కింద ఉన్న కీలకపదాలు, విషయ శీర్షికలు చూసి వాటిని తమ గడుల్లోకి ఎక్కించుకోమనండి. వైద్య వ్యాసాల డేటాబేసు పబ్‌మెడ్‌లో క్యాన్సర్ వ్యాసాలు ‘నియోప్లాజమ్స్’ అన్న శీర్షిక కింద ఉంటాయి. మనం క్యాన్సర్ అని కొట్టినా పబ్‌మెడ్ దానంతట అదే ఆ శీర్షికకు తీసుకుపోతుంది కానీ, అన్ని డేటాబేసులూ అంత దయ చూపవు. రెండోది, ఒక చోట పనిచేసే చిట్కా ఇంకో చోట పనిచేయదు. మాట చివర నక్షత్రం గుర్తు పెడితే చాలా డేటాబేసులు ఆ మాటతో మొదలయ్యే రూపాలన్నీ తెస్తాయి, గూగుల్ స్కాలర్ మాత్రం దాన్ని పట్టించుకోదు. మూడోది, ఫలానా మాట ఉన్నవి వద్దని చెప్పే ‘నాట్’ నేను నేర్పను. పిల్లల మీద చేసిన అధ్యయనాలు వద్దని ‘నాట్ చిల్డ్రన్’ అని కొడితే, పిల్లలనూ కాలేజీ విద్యార్థులనూ పోల్చిన మంచి వ్యాసం కూడా గంపగుత్తగా పోతుంది. పైగా అది పోయిందని తెలియదు.

రెండో పని, మూలం దాకా వెళ్లడం. ఇక్కడ నా అభిప్రాయం మారిన తీరు చెప్పాలి. చాలా ఏళ్లు నేను ఆధారాన్ని బేరీజు వేసే క్రాప్ పరీక్ష నేర్పాను. కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ చీకో లైబ్రరీ నుంచి 2004లో వచ్చింది అది. తాజాదనం, సందర్భానికి పనికిరావడం, రాసినవారి అర్హత, కచ్చితత్వం, ఉద్దేశం – ఈ అయిదూ చూడాలి. వినడానికి బాగుంటుంది. ఆచరణలో ఏమయ్యేదంటే, విద్యార్థి ఆ పేజీలోనే కూర్చుని, ఆ పేజీ తన గురించి తాను చెప్పుకున్నదే చదివి, అయిదు గడుల్లోనూ టిక్కు పెట్టుకునేవాడు. ‘మా గురించి’ అన్న పేజీలో ఎవరు మాత్రం తమను తాము తక్కువ చేసి రాసుకుంటారు?

2017లో స్టాన్‌ఫోర్డ్‌కు చెందిన శామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ 45 మంది మీద చేసిన అధ్యయనం చదివాక నా పద్ధతి మార్చుకున్నాను. వారిలో 10 మంది చరిత్రకారులు, 10 మంది వార్తల నిజానిజాలు తేల్చే వృత్తివాళ్లు, 25 మంది స్టాన్‌ఫోర్డ్ విద్యార్థులు. పిల్లల వైద్యుల పేరుతో ఉన్న రెండు సంస్థల వెబ్‌సైట్లు వాళ్లకు చూపించారు. ఒకటి 1930 నాటి పెద్ద వృత్తి సంఘం, రెండోది 2002లో దాన్నుంచి విడిపోయిన చిన్న బృందం. విద్యార్థులు, డాక్టరేట్లున్న చరిత్రకారులు సైతం చాలామంది ఆ పేజీలనే పైనుంచి కిందికి శ్రద్ధగా చదువుతూ ఉండిపోయారు. నిజానిజాలు తేల్చేవాళ్లు మాత్రం కాసేపట్లోనే పేజీ వదిలేసి, పక్కన కొత్త ట్యాబులు తెరిచి, ఈ సంస్థ గురించి బయటివాళ్లు ఏమంటున్నారో చూశారు. త్వరగా తేల్చిందీ, సరిగ్గా తేల్చిందీ వాళ్లే. ఇంగ్లీషులో దీన్ని లేటరల్ రీడింగ్ అంటారు. నేను పిల్లలకు ‘పక్కకు చదవడం’ అని చెబుతాను. మైక్ కాల్‌ఫీల్డ్ దీన్నే ఇంకాస్త పెంచి సిఫ్ట్ అని నాలుగు అడుగులుగా పెట్టారు: ఆగడం, చెప్పేదెవరో చూడడం, ఇంతకంటే మంచి కథనం వెతకడం, మాట పుట్టిన చోటికి వెళ్లడం.

పీజీ వాళ్లకు ఆ చివరి అడుగే ముఖ్యం. వాళ్లు ఎక్కువగా వాడేవి జర్నల్ వ్యాసాలు. జర్నల్‌లో వచ్చింది కాబట్టి నిజమేనన్న ధీమా వాళ్లకు గట్టిగా ఉంటుంది. దాన్ని కదిలించడానికి నేను ఏళ్లుగా ఒకే ఉదాహరణ వాడుతున్నాను, ఇప్పటిదాకా విఫలం కాలేదు.

1980 జనవరిలో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ ఒక పాఠకుల ఉత్తరం ప్రచురించింది. మొత్తం అయిదు వాక్యాలు. ఆసుపత్రిలో ఉండి కనీసం ఒకసారి నార్కోటిక్ (నల్లమందు తరహా నొప్పి తగ్గించే) మందు తీసుకున్న 11,882 మంది రికార్డులు చూస్తే, అంతకుముందు వ్యసనం లేనివారిలో కొత్తగా వ్యసనం నమోదైనవి నాలుగే అని అందులో ఉంది. అంతకుమించి పెద్దగా ఏమీ లేదు. ఎంత మోతాదు, ఎన్ని రోజులు, ఇంటికెళ్లాక ఏమైంది – ఏదీ లేదు. ఆ తర్వాత దశాబ్దాల పాటు, ఈ మందులతో వ్యసనం అరుదు అని చెప్పడానికి ఆ ఉత్తరాన్నే ఆధారంగా చూపిస్తూ పోయారు. 2017లో అదే జర్నల్‌లో కొందరు పరిశోధకులు లెక్క తేల్చారు. దాన్ని ఉదహరించినవి 608. వాటిలో 72 శాతం వ్యసనం అరుదనడానికి దాన్ని రుజువుగా చూపించాయి. ఆ రోగులు ఆసుపత్రిలో ఉన్నవాళ్లన్న సంగతి సుమారు 81 శాతం చెప్పనేలేదు.

తరగతిలో దీన్ని కథలా చెప్పేయకండి. ముందు 1980 నాటి ‘అధ్యయనం’ వ్యసనం చాలా అరుదని తేల్చిందన్న ఒక్క వాక్యం రాసి, కింద సైటేషన్ పెట్టండి. దీని మూలం వెతికి పట్టుకోండి, 10 నిమిషాలు అనండి. సంవత్సరం, సంపుటి, పేజీ పట్టుకుని ఒక్కొక్కరే అక్కడికి చేరుకుంటారు. చేరినవాళ్లు కొందరు కిందికి జరుపుతూ ఉంటారు, మిగతా వ్యాసం ఎక్కడుందా అని. “ఇంతేనా?” అన్న మాట గదిలో ఏదో ఒక మూలనుంచి తప్పకుండా వస్తుంది. అది వచ్చాక మీరు మాట్లాడాల్సింది ఒక్క నిమిషమే.

సమయం మిగిలితే వెనక్కి తీసుకున్న వ్యాసాల గురించి రెండు మాటలు చెప్పవచ్చు. టీకాకూ ఆటిజానికీ ముడిపెట్టిన 1998 నాటి లాన్సెట్ వ్యాసాన్ని ఆ పత్రిక పూర్తిగా ఉపసంహరించింది 2010లో, అంటే 12 ఏళ్ల తర్వాత. డౌన్‌లోడు చేసి దాచుకున్న పాత ప్రతి మీద ఆ సంగతి ఉండదు. అందుకే ముఖ్యమైన ఆధారం ఏదైనా చివరిసారి వాడబోయే ముందు జర్నల్ పేజీకి వెళ్లి చూడాలి.

చాట్‌బాట్ సంగతి. వాడవద్దని చెప్పకండి, వాడతారు. మీరు వద్దన్నందుకు మీ దగ్గర దాస్తారు, అంతే తేడా. ఒక పరిశోధక విద్యార్థి ఏడు రిఫరెన్సులున్న కాగితంతో నా దగ్గరికి వచ్చి, ఈ వ్యాసాలు లైబ్రరీలో దొరకడం లేదు, తెప్పించి పెట్టమని అడిగాడు. రచయితలు నిజం. జర్నళ్లు నిజం. సంపుటి సంఖ్యలు కూడా ఆయా సంవత్సరాలకు సరిగ్గా సరిపోయాయి. ఒక్కటి తప్ప మిగతావాటి పేజీలు తెరిస్తే అక్కడ వేరే వ్యాసాలున్నాయి. వాటి డీఓఐ (ఒక్కో వ్యాసానికి ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య) కొడితే ఒకటి మరో శాస్త్రంలోకి తీసుకుపోయింది, మిగతావి ఎక్కడికీ పోలేదు. ఏడులో ఒక్కటి మాత్రమే నిజంగా ఉంది. ఎక్కడ తెచ్చావని అడగకుండానే తెలిసింది. 2023లో న్యూయార్క్ కోర్టులో ఇలాంటి లేని తీర్పులనే ఉదహరించిన న్యాయవాదులకు న్యాయమూర్తి 5,000 డాలర్ల జరిమానా వేశారు. ఈ ముక్క చెబితే న్యాయశాస్త్రం విద్యార్థులు మిగతావారికంటే శ్రద్ధగా వింటారు.

ఇలా ఎందుకు జరుగుతుందో ఒక్క వాక్యంలో చెప్పండి చాలు: చాట్‌బాట్ రిఫరెన్సును ఎక్కడినుంచో తీసి చూపించడం లేదు, రిఫరెన్సు ఎలా ఉంటుందో అలాంటి అక్షరాల వరసను అల్లుతోంది. వెబ్‌లో వెతికి జవాబిచ్చే రకాలు ఇప్పుడు నిజమైన లింకులే ఇస్తున్నాయి. అయితే ఆ లింకులో ఉన్నదీ, జవాబులో చెప్పినదీ ఒకటేనా అన్నది చూసుకోక తప్పదు. అంటే మళ్లీ ఆ 1980 ఉత్తరం దగ్గరికే వచ్చాం. మరోవైపు, మూడు గడుల కాగితంలో పర్యాయపదాలు నింపడానికి చాట్‌బాట్ చాలా బాగా పనికొస్తుంది. ఆ పని నేనే చేయిస్తాను. తప్పు మాట ఇచ్చినా పెద్ద నష్టం లేదు, ఆ మాటకు డేటాబేసు ఏమీ తేదు, లేదా పనికిరానివి తెస్తుంది, అంతే.

తరగతి ఎప్పుడు పెట్టాలన్నది మీరు అడగలేదు కానీ, చాలామంది తప్పు చేసేది అక్కడే. కోర్సు మొదటి వారంలో పరిచయ కార్యక్రమాలతో కలిపి పెడతారు. వెతుకులాటలో మనుషుల మనఃస్థితి ఎలా మారుతుందో అధ్యయనం చేసిన కరోల్ కూల్తావ్ ఆరు దశలు చెప్పారు. అంశం ఎంచుకోగానే ఉత్సాహం ఉంటుంది, తర్వాత అన్వేషణ మొదలుపెట్టి నాలుగు వ్యాసాలు చదివేసరికి అయోమయం, సందేహం పెరుగుతాయి, తన దృష్టికోణం ఏమిటో తేలాక మళ్లీ ధైర్యం వస్తుంది. ఆ మధ్యలో కుంగిపోయే దశలో మీ తరగతి పడాలి. ఆ సమయంలో వచ్చినవాళ్లు మిమ్మల్ని మాట్లాడనివ్వరు, ప్రశ్నలతో ముంచేస్తారు. ఇంకా మంచిది, గంటను రెండు అరగంటలు చేయడం: అంశం ఎంచుకున్నాక ఒకటి, మూడు వారాల తర్వాత ఒకటి. అధ్యాపకులు గంట మొత్తం ఇవ్వడానికి వెనకాడతారేమో కానీ, అరగంట అడిగితే సాధారణంగా కాదనరు.

ఫలితం చూడడానికి ‘తరగతి మీకు నచ్చిందా’ అన్న ఫారం పంచకండి. అందరూ నచ్చిందనే రాస్తారు, నా 60 స్లైడ్ల తరగతికి కూడా అలాగే రాశారు. చివరి రెండు నిమిషాల్లో చీటీలిచ్చి, రేపు వెతికేటప్పుడు నిన్నటికంటే వేరుగా చేయబోయే ఒక్క పని రాయమనండి. సెమిస్టరు చివర అధ్యాపకుల అనుమతితో ఒక పది అసైన్‌మెంట్ల ఆధారాల జాబితాలు తీసుకుని చదవండి. అది మార్కులు వేయడం కంటే కష్టమైన పని, పొగరు దిగే పని కూడా. నేను బాగా చెప్పాననుకున్న తరగతుల జాబితాలే కొన్నిసార్లు అధ్వానంగా ఉండేవి.

మీ 40లో మిగిలిన 4 స్లైడ్లు ఏవంటారా: అసైన్‌మెంటు, మూడు గడుల ఖాళీ పట్టిక, ఆ 1980 సైటేషన్, మీ పేరూ కూర్చునే చోటూ ఫోన్ నంబరూ ఉన్నది. తీసేసిన 36ను పారేయకండి, పీడీఎఫ్ చేసి లైబ్రరీ పేజీలో పెట్టండి. లాగిన్ మరచిపోయినవాళ్లు రాత్రి 11 గంటలకు అక్కడే చూసుకుంటారు.

హాజరు మాత్రం వేయకండి. అధ్యాపకులను వచ్చి గదిలో కూర్చోమనండి. వాళ్లు వెనక వరసలో కూర్చుని ఆ ఉత్తరం కోసం తామూ వెతుకుతుంటే పిల్లలు బయటికి పోరు. వాళ్లకు వీలు కాదంటే అసైన్‌మెంటుతో పాటు ఆ మూడు గడుల కాగితాన్ని కూడా జతపరచాలన్న ఒక్క వాక్యం చేర్పించండి.